ఆర్యభటుడు – కుట్టక గణితము

గత సంవత్సరము జాతీయ గణిత దినోత్సవమునాడు మన పాఠశాల సభలో మేము ఆర్యభటుని గూర్చి ప్రసంగించితిమి. ఆ మహనీయుడు మన గోదావరి చెంతనే, బోధనులో, జన్మించెననియు, కావున తెలుగువారమైన మనకు ఆయన స్వకీయుడే యనియు గట్టిగా పలికితిమి. బాలబాలికలు కరతాళధ్వనులు చేసిరి. సభ ముగిసిన పిదప తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె మా యొద్దకు వచ్చి, ఈ మాట ఆర్యభటుడు తన గ్రంథములో ఎచ్చట వ్రాసికొనెనో చూపుడని అడిగినది. మాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి గ్రంథము తెరచి మొదటినుండి తుదివరకు వెదకితిమి. 121 శ్లోకములు గల చిన్న పొత్తమది. వెదకుటకు ఎంతో కాలము పట్టదు. బోధను పేరు అందు లేదు. మేము సభలో చెప్పినది పెద్దలవలన విన్నదే గాని చదివినది కాదు.

ఆ బాలికకు మేము బాకీపడిన సమాధానమును ఇన్నాళ్లకు ఈ పత్రిక ద్వారా చెల్లించుచున్నాము. పనిలో పనిగా ఆర్యభటుని చరితమును, ఆయన మనకిచ్చిన గణితములలో కుట్టకమను దానిని వివరింపదలచితిమి. మేము తెలుగు చెప్పువారము. గణితము మా వృత్తి కాదు. అయినను ఈ లెక్కను మేమే చేసి చూచుకొని వ్రాయుచున్నాము.

ఆర్యభటుడు తన వయస్సును తానే చెప్పియున్నాడు. కలియుగము మొదలై అరువది అరువదులు, అనగా 3600 సంవత్సరములు, గడచునప్పటికి తాను పుట్టి 23 సంవత్సరములైనదని కాలక్రియాపాదమున తెలిపెను. కలియుగారంభము క్రీస్తు పూర్వము 3102 అని మన జ్యోతిష్కుల లెక్క. విద్యార్థులు 3600 నుండి 3102 తీసివేసి 498 అని వ్రాయుదురు, అది పొరపాటు. క్రీస్తు పూర్వమునకును క్రీస్తు శకమునకును నడుమ సున్న సంవత్సరము లేదు గనుక 3101 తీసివేయవలెను. వచ్చునది 499. అందుండి 23 తీసివేయగా 476. ఇది ఆర్యభటుని జన్మసంవత్సరము. గుప్త చక్రవర్తుల ప్రాభవము సన్నగిల్లుచున్న కాలమది. ఆర్యభటీయ రచన 499 నాటిదని పండితులు సాధారణముగా చెప్పుదురు. ఇరువదిమూడేండ్ల ప్రాయమున మేము నది కావల ఓరుగల్లులో ఉపాధ్యాయ శిక్షణ పొందుచు, ఒక పాఠ్యపథకము తిన్నగా వ్రాయుటకే తడబడుచుంటిమి.

తన తల్లిదండ్రుల పేర్లుగాని గురువు పేరుగాని ఆయన గ్రంథమున లేవు. కుసుమపురమున ఆదరింపబడుచున్న జ్ఞానమును చెప్పుచున్నానని గణితపాదము మొదట పలికెను. కుసుమపురమనగా పాటలీపుత్రము, అనగా నేటి పాట్నా, అని 629లో ఆర్యభటీయమునకు భాష్యము వ్రాసిన భాస్కరుడు వివరించెను. ఈ భాస్కరుడు వేరు, లీలావతి రచించిన భాస్కరాచార్యుడు వేరు. రెండవవాడు ఐదువందల యేండ్ల పిమ్మటివాడు. పేర్లొకటే యగుటచేత పెద్దలు సైతము పొరపడుచుందురు. భాష్యకారుడైన ఈ మొదటి భాస్కరుడు ఆర్యభటుని అశ్మకీయుడనియు, ఆయన శాస్త్రమును అశ్మకతంత్రమనియు వ్యవహరించెను. 1444లో జన్మించిన కేరళ పండితుడు నీలకంఠ సోమయాజి సైతము ఆర్యభటుడు అశ్మక జనపదమున పుట్టెనని వ్రాసెను. మేము సభలో చెప్పిన మాటకు మూలము ఈ అశ్మక శబ్దమే.

అశ్మకము షోడశ మహాజనపదములలో నొకటి. వానిలో వింధ్యపర్వతమునకు దక్షిణముననున్నది అదియొక్కటే. బౌద్ధుల సుత్తనిపాతము ఆ దేశమును గోదావరీ తీరమున చూపుచున్నది. దాని రాజధాని పోతన లేక పోదన యను నగరము. అది నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనేయని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఆర్యభటుని శతాబ్దమునకే చెందిన అజంతా 26వ గుహలోని శాసనము అశ్మకరాజు మంత్రి నొకనిని పేర్కొనుచున్నది. అజంతా మహారాష్ట్రమున, బోధను తెలంగాణమున నున్నవి. అశ్మకమునకు ఈ సరిహద్దు తెలియదు. సరిహద్దుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము: మన సిరొంచయే 1874 వరకు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానముగా నుండి, ఆ పిమ్మట చాందా జిల్లాలో చేరి, 1982లో గడ్చిరోలి జిల్లాలోనిదైనది. ఊరు కదలలేదు, చిరునామాయే మారుచు వచ్చినది. పదునైదు వందల యేండ్ల నాటి పురుషుని చిరునామాను నేటి పటముపై గీయుట ఎంత కష్టమో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఆర్యభటుడు కేరళీయుడను వాదమును కలదు; కేరళమున ఆయన గ్రంథమునకు జరిగిన ఆదరమే దానికి ముఖ్య కారణము.

కావున అమ్మాయీ, మా సమాధానమిది. అశ్మకదేశీయుడనుటకు భాష్యకారుల సాక్ష్యము కలదు. గోదావరీ పరిసరములవాడనుట సమంజసమైన మాట. బోధనులో పుట్టెననుట ఊహ. తెలుగువాడనుటకు ఆధారము లేదు. ఈ నాలుగింటిని మేము ఆనాడు ఒకే త్రాట కట్టి సభలో నిలిపితిమి. అది మా తప్పు.

ఇక గ్రంథము సంగతి. ఆర్యభటీయమున గీతికాపాదము, గణితపాదము, కాలక్రియాపాదము, గోలపాదము అని నాలుగు భాగములున్నవి. గీతికాపాదము చదివినపుడు తెలుగు ఉపాధ్యాయులమైన మాకు ఒక విశేషము మిక్కిలి సంతోషము కలిగించెను. పెద్ద పెద్ద సంఖ్యలను పద్యములో నిముడ్చుటకు ఆర్యభటుడు మన వర్ణమాలనే అంకెలుగా మార్చుకొనెను. క మొదలు మ వరకుగల ఇరువదియైదు వర్గాక్షరములకు వరుసగా 1 నుండి 25 వరకు విలువలు. య కు 30, ర కు 40, ఇట్లు హ వరకు 100. అచ్చులు స్థానములను తెలుపును. అ ఒకట్ల స్థానము, ఇ వందల స్థానము, ఉ పదివేల స్థానము, ఋ పదిలక్షల స్థానము. ఖ్యుఘృ అనునది పలుకుటకే నోరు తిరుగని పదము. ఖ 2, య 30, వానికి ఉకారము: 32 పదివేలు, అనగా 3,20,000. ఘ 4, దానికి ఋకారము: 40,00,000. మొత్తము 43,20,000. ఇది మహాయుగములోని సంవత్సరముల సంఖ్య. రెండక్షరములలో ఏడంకెల సంఖ్య యిమిడినది. మొదటి తరగతిలో మనము వల్లించు వర్ణమాల ఆయనకు లెక్కల పలకయైనది.

ఆర్యభటీయమునందలి తక్కిన విషయములు పాఠ్యపుస్తకములలో ఉన్నవే గనుక ముక్తసరిగా చెప్పుదుము. వ్యాసము 20,000 గల వృత్తమునకు పరిధి సుమారు 62,832 అనెను. దీనివలన వచ్చు 3.1416 నేటికిని నాలుగు దశాంశ స్థానముల వరకు సరిగానున్నది. సుమారు అను మాటను ఆయనయే చేర్చుట గమనింపదగినది. గ్రహణములకు రాహుకేతువులు కారణము కాదనియు, చంద్రుడు సూర్యుని కప్పుటవలన సూర్యగ్రహణము, భూమినీడ చంద్రుని కప్పుటవలన చంద్రగ్రహణము కలుగుననియు చెప్పెను. జ్యాపట్టిక కూర్చెను.

భూభ్రమణమును గూర్చి మాత్రము కొంత విస్తరించి చెప్పక తప్పదు. నక్షత్రములు తూర్పున పొడిచి పడమట గ్రుంకుట భూమి తనలో తాను తిరుగుటవలననే యని ఆర్యభటుడు భావించెను. పడవలో ముందుకు పోవువానికి ఒడ్డునగల కదలని చెట్లు వెనుకకు పోవుచున్నట్లు కానవచ్చును గదా, నక్షత్రముల పశ్చిమగమనమును అట్టిదేయని గోలపాదమున ఉపమానము చూపెను. ప్రాణహితపై పడవ నెక్కినవారికి ఈ ఉపమానమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. నాలుగు సెకండ్ల కాలమునకు ప్రాణమని పేరు. ఒక ప్రాణములో భూమి ఒక కల, అనగా డిగ్రీలో అరువదవ వంతు, తిరుగునని ఆయన వ్రాసెను. దినమునకు 21,600 ప్రాణములు, వృత్తమునకు 21,600 కలలు, లెక్క సరిపోవుచున్నది. 628లో బ్రహ్మగుప్తుడు ఈ మాటను తీవ్రముగా ఖండించెను. భూమి తిరిగినచో ఎత్తైనవి పడిపోవలదా యని ఆయన ఆక్షేపణ. అంతటితో ఆగలేదు. పిమ్మటి వ్యాఖ్యాతలు ఆర్యభటుని ఎడల భక్తిగలవారే, ఆయనకు నింద రాకుండుటకై కాబోలు, భూః అను పదమును భం అని మార్చి చదివిరి. భం అనగా నక్షత్రమండలము. తిరుగునది భూమియని చెప్పిన వాక్యము, ఒక్క అక్షరము మారగనే, తిరుగునది నక్షత్రమండలమని చెప్పసాగెను. ఆర్యభటుని రక్షింపబోయి ఆయన మాటనే తీసివేసిరి. సభలో ఆయనను మనవానిగా చేయబోయిన మేము ఆ వ్యాఖ్యాతలను గట్టిగా నిందింపజాలము.

గణితపాదము చివర రెండు శ్లోకములలో చెప్పబడిన కుట్టకమునకు మాత్రము అట్టి గతి పట్టలేదు. దానిని ఎవరును మార్చలేదు, కాదనలేదు. తూలనాడిన బ్రహ్మగుప్తుడు సైతము తన గ్రంథములో ఒక అధ్యాయమునకే కుట్టకమని పేరు పెట్టెను. అది యేమి, ఎందులకు అనునది ఇక చూతము.

ఆర్యభటుని గణనలో గ్రహములన్నియు మహాయుగములో పూర్ణసంఖ్యలుగా ప్రదక్షిణలు చేయును. ఆ యుగములో దినములు 1,57,79,17,500. సూర్యుని ప్రదక్షిణలు 43,20,000, చంద్రునివి 5,77,53,336. నేడు ఆకాశము చూచినచో సూర్యుడు ఏ రాశిలో ఎన్ని భాగలలో నున్నాడో తెలియును. ఎన్ని చుట్లు పూర్తి చేసి అచ్చటికి వచ్చెనో తెలియదు. ఆకాశము మనకు శేషమును మాత్రమే చూపును, భాగఫలమును చూపదు. శేషములనుబట్టి గడచిన దినములెన్నియో కనుగొనగలమా? ఇదియే ప్రశ్న.

బాలురకు తెలియుటకై ఒక చిన్న లెక్క కల్పించితిమి. ఒక ఊరిలో సంత ఏడు దినములకొకసారి జరుగును. ఆ ఊరి రేవునకు ఉప్పు తెచ్చు పడవ పండ్రెండు దినములకొకసారి వచ్చును. ఒక బాటసారి ఆ ఊరు చేరెను. సంత జరిగి రెండు దినములైనదని ఒకరును, పడవ వచ్చి ఐదు దినములైనదని మరొకరును అతనికి చెప్పిరి. సంతయు పడవయు ఒకే దినమున కలిసివచ్చి ఎన్ని దినములైనది? 7 చేత భాగించిన 2, 12 చేత భాగించిన 5 శేషించు సంఖ్య మనకు కావలెను.

వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. 5, 17, 29 ఇట్లు పండ్రెండేసి చొప్పున కూడుచు, ఏడు చేత భాగించి చూచుచు పోయినచో ఎచ్చటనో దొరకును. కాని సంఖ్యలు లక్షలైనచో ఆయుర్దాయము చాలదు. ఆర్యభటుని మార్గము వేరు.

కావలసిన సంఖ్య ఇన్ని పండ్రెండులు, పైన 5. దానినుండి 2 తీసివేసినచో మిగిలినది ఏడు చేత నిశ్శేషముగా పోవలెను. అనగా పడవ రాకల సంఖ్యను 12 చేత గుణించి 3 కలిపినచో ఏడు చేత పోవలెను. 12లో ఒక ఏడు తీసివేసిన 5 మిగులును. ఏడులు ఎన్ని తీసివేసినను శేషము మారదు గనుక, 5 చేత గుణించి 3 కలిపినను చాలును. 12, 7ల ప్రశ్న ఇప్పుడు 7, 5ల ప్రశ్నయైనది. దీనిని తిరుగవేయుదము: 7ను దేనిచేత గుణించి 3 తీసివేసినచో 5 చేత పోవును? 7లో 5 తీసివేయగా 2. కావున 2ను దేనిచేత గుణించి 3 తీసివేసినచో 5 చేత పోవునని అడిగినను చాలును. మరల తిరుగవేయుదము: 5ను దేనిచేత గుణించి 3 కలిపినచో 2 చేత పోవును? ఇచ్చట ఇక లెక్క అక్కరలేదు, చూచినంతనే తెలియును. 1 చేత. ఐదు, మూడు ఎనిమిది. ఈ చివర బుద్ధితో ఎన్నుకొను సంఖ్యకు ఆర్యభటుడు మతి యని పేరు పెట్టెను.

దిగిన మెట్లనే ఎక్కవలెను. 8ని 2 చేత భాగించిన 4. ఏడు నాలుగులు 28, మూడు తీసివేయగా 25. దానిని 5 చేత భాగించిన 5. పడవ ఐదు మార్లు వచ్చినది. ఐదు పండ్రెండులు 60, పైన 5: మొత్తము 65 దినములు. 65ను ఏడు చేత భాగించి చూడుడు, రెండు శేషించును. ఏడు పండ్రెండులు 84 గనుక 84 దినములకొకసారి సంతయు పడవయు కలియును. ఇక 19 దినములు ఆగినచో బాటసారికి రెండును ఒకేనాడు దొరకును.

కుట్టుట యనగా దంచుట, పొడి చేయుట. పెద్ద భాజకములను ఒకదానిచేత నొకటి భాగించుచు, శేషముచేత మరల భాగించుచు, చిన్నవగువరకు దంచుటయే ఈ పద్ధతి. రోటిలో వడ్లు దంచు తల్లులను చూచినవారికి పేరు మరువదు. ఒక హెచ్చరిక కూడ చేయవలెను. సంత ఆరు దినములకు, పడవ ఎనిమిది దినములకు వచ్చు ఊరిలో, శేషములు 1, 2 అని చెప్పినచో ఎంత దంచినను జవాబు రాదు. ఆరుచేత భాగించిన ఒకటి మిగులు సంఖ్య బేసి. ఎనిమిదిచేత భాగించిన రెండు మిగులునది సరి. ఒకే సంఖ్య రెండును కాజాలదు. బాటసారితో ఎవరో ఒకరు అబద్ధమాడిరన్న మాట. భాజకములకు సామాన్య భాజకమున్నచో శేషముల భేదము దానిచేత నిశ్శేషముగా పోవలెనను నియమము ఇందుండి వచ్చుచున్నది.

ఆర్యభటుడు పద్ధతిని సూత్రప్రాయముగా చెప్పి ఊరకుండెను. ఉదాహరణము లేదు, ఉపపత్తి లేదు. రెండు శ్లోకములు అంత క్లుప్తమైనవి యగుటచేత, వ్యాఖ్యానము లేక ఎంతటివారికిని బోధపడవు. మేము మొదట మూలము మాత్రము చదివి ఒక వారము వృథా చేసికొంటిమి. పాండురంగస్వామి, లాటదేవుడు, నిశ్శంకుడు అను శిష్యులు ఆర్యభటుని సన్నిధిలో చదువుకొనిరని భాస్కరుడు చెప్పుచున్నాడు. గురుముఖముగా వినువారికి క్లుప్తత దోషము కాదు. వినలేకపోయిన మనకొరకు భాస్కరుడు 629లో ఆ శ్లోకములకు విపులముగా భాష్యము వ్రాసి, లెక్కలు చేసి చూపి, గ్రహములకు అన్వయించెను.

ఆయన లెక్కలలో నొకటి ఇది. ఎనిమిది చేత భాగించిన 5, తొమ్మిది చేత భాగించిన 4, ఏడు చేత భాగించిన 1 శేషించు సంఖ్య ఏది? ముందు రెండింటిని కూర్చవలెను: 13 ఆ రెండు నియమములకును సరిపోవును. ఎనిమిది తొమ్మిదులు 72 గనుక 13కు డెబ్బదిరెండేసి కలుపుచు పోయినను ఆ రెండు శేషములు మారవు. ఒక డెబ్బదిరెండు కలిపిన 85. దానిని ఏడు చేత భాగించిన ఒకటి మిగులును. జవాబు 85. భాజకములు ఎన్నియున్నను ఇట్లే రెండు రెండుగా కూర్చుకొనుచు పోవచ్చును. నేటి ఉన్నత గణితమున ఇట్టి శేష నియమముల సమూహమును ఒకేసారి సాధించుట ఒక ముఖ్యాంశము.

సూర్యుని లెక్కకు వత్తము. యుగములోని ప్రదక్షిణలను, దినములను 7,500 చేత భాగించి చిన్నవి చేసినచో, 2,10,389 దినములలో సూర్యుడు 576 ప్రదక్షిణలు చేయునని తేలును. భాస్కరుడు వాడిన సంఖ్యలివియే. గడచిన దినములను 576 చేత గుణించి, నేటి స్థానమువలన తెలిసిన శేషమును తీసివేసినచో 2,10,389 చేత నిశ్శేషముగా పోవలెను. వ్రేళ్లమీద చేయవలెనన్న రెండు లక్షల మార్లు ప్రయత్నింపవలసి వచ్చును. దంచి చూడుడు. 2,10,389ని 576 చేత భాగించిన 149 మిగులును. 576ను 149 చేత భాగించిన 129. పిదప 20, పిదప 9, పిదప 2, పిదప 1. ఆరు భాగహారములలో రెండు లక్షల ప్రశ్న ఒకటికి దిగివచ్చినది! మేము ఈ భాగహారములను తరగతిలో నల్లబల్లపై చేసినపుడు వెనుక బల్లలవారు సైతము లేచి నిలుచుండి చూచిరి. తెలుగు తరగతిలో అట్టిది మేమెన్నడును ఎరుగము.

ఇట్టి లెక్కలు మన దేశముననే పుట్టెనని చెప్పుట న్యాయము కాదు. మూడు, ఐదు, ఏడు చేత భాగించిన వరుసగా 2, 3, 2 మిగులు సంఖ్యను అడుగు లెక్క చైనాలో సున్‌జీ యను నాతని ప్రాచీన గ్రంథమున కలదు. దాని జవాబు 23. ఆ దేశమున 1247లో చిన్ జియుషావ్ ఇట్టి లెక్కలకు సామాన్య పద్ధతి నేర్పరచెను. అందుచేతనే ప్రపంచమంతట దీనికి చైనా శేష సిద్ధాంతమని పేరు. జర్మనీ దేశమున గౌస్ 1801లో ప్రకటించిన గ్రంథమున, ఒకే శేషమునిచ్చు సంఖ్యలను మూడు గీతల గుర్తుతో కలిపి వ్రాయు పద్ధతిని ప్రవేశపెట్టెను. నేడు కళాశాలలలో నేర్పునది ఆ గుర్తుతోనే. మన దేశమున బ్రహ్మగుప్తుని పిమ్మట, 850 ప్రాంతమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమువాడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున కుట్టీకారమను పేర దీనిని విస్తరించెను. ఆ గణితసారసంగ్రహమునే మన పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆర్యభటునితో తెలుగునకు చుట్టరికము వెదకువారు జన్మస్థలమునందుకంటె ఇచ్చట వెదకినచో గట్టి ఆధారము దొరకునని మా అభిప్రాయము.

కాలక్రమమున ఆర్యభటీయము ఉత్తరదేశమున అరుదైపోయినది. కేరళమున తాళపత్రములపై నిలిచి, 1380 ప్రాంతమున జన్మించిన పరమేశ్వరుడు, ఆ పిమ్మట నీలకంఠుడు వంటివారి వ్యాఖ్యానములతో బోధింపబడుచు వచ్చెను. మహాసిద్ధాంతము వ్రాసిన మరొక ఆర్యభటుడుండుటచే ఇద్దరి మాటలును కలగలిసిపోయినవి. ముంబయి వైద్యుడు, పండితుడు అగు భావు దాజీ 1864లో ఆర్యభటీయ ప్రతులను సంపాదించి, మరుసటి యేడు వ్యాసము ప్రకటించి ఈ చిక్కు విడదీసెను. 1874లో కెర్న్ అను డచ్చి పండితుడు పరమేశ్వరుని వ్యాఖ్యతో మూలమును లైడెన్ నగరమున అచ్చువేయించెను. భారతదేశము తన మొదటి ఉపగ్రహమును 1975 ఏప్రిల్ 19న ఆకాశమునకు పంపి దానికి ఆర్యభట యని పేరు పెట్టెను. భూమి చుట్టు తిరుగుటకు పంపిన వస్తువునకు, భూమియే తిరుగుచున్నదని చెప్పి నిందలు పడినవాని పేరు పెట్టుట మాకు మిక్కిలి నచ్చినది.

మమ్ము ప్రశ్నించిన బాలికకును, ఆమె తోడివారికిని భాస్కరుని భాష్యములోనిదే మరియొక లెక్క ఇచ్చుచున్నాము. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, వీనిలో దేనిచేత భాగించినను ఒకటియే మిగిలి, ఏడు చేత మాత్రము నిశ్శేషముగా పోవు సంఖ్య ఏది? కనిష్ఠ సంఖ్య 301 అని మేమే చెప్పుచున్నాము గనుక జవాబు మాత్రము వ్రాసి తెచ్చినచో ఒప్పుకొనము. దంచిన మెట్లు అన్నియు చూపవలెను. దాని తరువాతి సంఖ్య ఏదో, ఎందుచేతనో కూడ వ్రాయవలెను. కాగితములను వేసవి సెలవులకు ముందుగా మాకు ఈయుడు. మేము తప్పుగా దిద్దినచో గ్రంథము తెచ్చి చూపుడు.